ప్యాకెట్ మీద ‘ఎకో ఫ్రెండ్లీ’ అని అచ్చు వేయించే ముందు

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: హైదరాబాద్ శివార్లలో ఒక చిన్న యూనిట్ అడ్డాకు విస్తర్లు, వక్క ఆకు ప్లేట్లు, పేపర్ కప్పులు, మొక్కజొన్న పిండి ఆధారిత క్యారీ బ్యాగులు అమ్ముతోంది. కొత్త ప్యాకింగ్ మీద ‘100% ఎకో ఫ్రెండ్లీ’, ‘బయోడీగ్రేడబుల్’, ‘ప్లాస్టిక్ ఫ్రీ’, ‘కార్బన్ న్యూట్రల్’ అని వేసి, పక్కన ఆకుపచ్చ సీలు పెడదామని డిజైనర్ అంటున్నాడు. పోటీ కంపెనీ ఎప్పటి నుంచో అవన్నీ వేసుకుంటోంది, ఎవరూ అడగలేదు. మేమూ వేయొచ్చా? వేస్తే ఏమవుతుంది? వాళ్ల మీద ఫిర్యాదు చేయొచ్చా?

సూటిగా చెప్తున్నాను: ఆ నాలుగు మాటల్నీ నాలుగు సరుకుల మీదా ఒకే డిజైన్‌గా వేయకండి. మీ సరుకు మంచిదా కాదా అన్నది చట్టానికి రెండో విషయం. అచ్చు వేసిన ప్రతి మాటకీ వెనక రుజువు ఉందా, ఆ రుజువు కొనేవాడికి అందుబాటులో ఉందా అన్నదే మొదట చూస్తారు. నిజంగా మంచి సరుకు అమ్మేవాళ్లు కూడా ఇక్కడే దొరికిపోతారు. ‘ఆకు కదండీ, దానికి మళ్లీ రుజువేంటి’ అనుకుంటారు. నోటీసు వచ్చాక ల్యాబు కోసం పరుగెత్తడం కన్నా ముందు కాగితం, తర్వాత మాట అన్న క్రమం పెట్టుకోండి.

చట్టం ఎక్కడుందో ముందు చూద్దాం. మూలం వినియోగదారుల రక్షణ చట్టం, 2019. దాంట్లో 2(28)వ సెక్షన్ తప్పుదోవ పట్టించే ప్రకటనను నిర్వచిస్తుంది. ముఖ్యమైన సమాచారాన్ని కావాలని దాచడం కూడా ఆ నిర్వచనంలోనే ఉంది. ఈ చట్టం కింద ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, వాడుకలో సీసీపీఏ, 2024 అక్టోబరు 15న, సరుకు పర్యావరణానికి మేలని తప్పుగా చూపించడం, అంటే గ్రీన్‌వాషింగ్ మీద ప్రత్యేక మార్గదర్శకాలు ఇచ్చింది. మీ ప్రశ్నకు సగం జవాబు వాటిలోనే ఉంది. ప్యాకెట్, వెబ్‌సైట్, ఇన్‌స్టాగ్రామ్ రీల్, దుకాణంలో పెట్టే స్టాండీ ఏదైనా సరే, ‘ఏ రూపంలోనైనా’ చేసిన పర్యావరణ వాదన (పర్యావరణానికి మేలని చెప్పే మాట) వాటి కిందికి వస్తుంది. తయారీదారు, సర్వీసు ఇచ్చేవారు, వ్యాపారి మాత్రమే కాదు, ప్రకటన చేసిపెట్టిన ఏజెన్సీ, దాంట్లో కనిపించిన ఇన్‌ఫ్లుయెన్సర్ కూడా బాధ్యులే. కాబట్టి ‘డిజైనర్ వేశాడు, నాకు తెలీదు’ అనడానికి దారి లేదు, డిజైనర్‌కీ తప్పించుకునే దారి లేదు.

గ్రీన్‌వాషింగ్ అంటే అబద్ధం ఒక్కటే కాదు. అస్పష్టంగా చెప్పడం, ఎక్కువ చేసి చెప్పడం, రుజువు లేకుండా చెప్పడం, మంచి వైపు పెద్దగా చూపించి చెడ్డ వైపు నొక్కేయడం, అన్నీ అదే పేరు కింద వస్తాయి. బొమ్మలు, గుర్తులు కూడా లెక్కే. మూడు మినహాయింపులున్నాయి. ఎవరూ నిజమనుకోని అతిశయోక్తి ఒకటి. మామూలు రంగులు, బొమ్మలు రెండోది, అయితే అవి మోసానికి దారితీయనంత వరకే. ఏ ఒక్క సరుకుకీ సంబంధించని కంపెనీ లక్ష్య ప్రకటన మూడోది. ‘మా ఎదుగుదల సుస్థిర సూత్రాల మీద సాగుతుంది’ అని మీ ఆఫీసు గోడ మీద రాసుకోండి, ఇబ్బంది లేదు. ‘మా ఉత్పత్తులన్నీ సుస్థిర పద్ధతిలోనే తయారవుతాయి’ అన్నారంటే మాత్రం అది సరుకు గురించిన వాదన అయింది, పరిశీలనకు వస్తుంది.

ఆకుపచ్చ సీలు సంగతి కూడా ఇక్కడే. ప్యాకెట్ ఆకుపచ్చగా ఉండటం తప్పు కాదు. గుండ్రటి సీలు, మధ్యలో టిక్కు, చుట్టూ ‘సర్టిఫైడ్ గ్రీన్’ అని ఉంటే కొనేవాడు ఎవరో పరీక్షించి ఇచ్చారనే అనుకుంటాడు. ఇచ్చినవాళ్లు లేకపోతే అది గుర్తుతో చేసిన తప్పుడు వాదన. ప్రభుత్వ గుర్తు కావాలంటే ఎకోమార్క్ ఉంది. 1991 నాటి పాత పథకం స్థానంలో 2024 సెప్టెంబరులో కొత్త ఎకోమార్క్ నిబంధనలు వచ్చాయి, నిర్వహించేది కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి. మీ సరుకు ఆ వర్గాల్లో ఉందో లేదో చూసుకుని దరఖాస్తు చేసుకోండి. సొంత సీలు గీసుకోవడం కన్నా అది నయం.

ఇప్పుడు మీ నాలుగు మాటలు.

‘ఎకో ఫ్రెండ్లీ’: మార్గదర్శకాలు పేరు పెట్టి చెప్పిన సాధారణ పదాల్లో ఇదీ ఉంది. క్లీన్, గ్రీన్, ఎకో ఫ్రెండ్లీ, నేచురల్, ఆర్గానిక్, ప్యూర్, సస్టైనబుల్, కార్బన్ న్యూట్రల్, భూమికి మంచిది... ఇవన్నీ ఒకే జాబితా. వీటిని నిషేధించలేదు. ఏ విషయంలో అలా అంటున్నారో చెప్పే వివరణ, రుజువు, వెల్లడి మూడూ పక్కన ఉండాలి. ప్రకటనల రంగం స్వయంగా నడుపుకునే ఆస్కీ మండలి 2024 ఫిబ్రవరి 15 నుంచి అమలు చేస్తున్న నియమాలు ఇంకా గట్టివి. ‘ఎకో ఫ్రెండ్లీ’ అని మొత్తంగా అంటే సరుకు పుట్టుక నుంచి పారేసే దాకా మొత్తం జీవితచక్రానికి ఆ మాట వర్తించాలి, అలా కాకపోతే ఎంతవరకో ప్రకటనలోనే చెప్పాలి. ప్రెస్సింగ్ యంత్రానికి కాల్చే కరెంటు, ప్లాస్టిక్ ష్రింక్ కవరు, కర్ణాటక నుంచి వచ్చే వక్క మట్టల లారీ, అన్నీ అందులోకి వస్తాయి. చిన్న యూనిట్‌కి ఇది నిరూపించడం అయ్యే పని కాదు. ముందు ‘100%’ తగిలిస్తే వివరణకు కూడా చోటుండదు. ఈ మాట వదిలేసి వాస్తవం రాయడమే నా సలహా: ‘రాలిన వక్క మట్టతో చేసినది. పూత, జిగురు, రంగు కలపలేదు.’ నిజమైతే దీనికి మీ కొనుగోలు బిల్లులు, తయారీ విధానం రాసిన పత్రం సరిపోతాయి. కొనేవాడికి కూడా విశేషణం కన్నా ఇదే ఎక్కువ చెప్తుంది.

‘ప్లాస్టిక్ ఫ్రీ’: మీ నాలుగు సరుకుల్లో రెండింటికి ఇది పచ్చి అబద్ధం అవుతుంది. పేపర్ కప్పు టీని ఆపుతోందంటే లోపల పూత ఉన్నట్టే. మామూలుగా అది పాలిథిలీన్. కప్పును తడిపి, లోపలి వైపు గోరుతో గీకితే పల్చటి పొర లేచి వస్తుంది, అదే. పాలిథిలీన్ బదులు పీఎల్‌ఏ పూత వేసినా పీఎల్‌ఏ కూడా ప్లాస్టికే, మొక్క నుంచి వచ్చిన ప్లాస్టిక్. ప్లాస్టిక్ పూత ఉన్న పేపర్ కప్పుల మీద తమిళనాడు ప్రభుత్వం పెట్టిన నిషేధాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో సమర్థించింది. అంటే ఆ పొర ఎంత పల్చనైనా కోర్టులు దాన్ని లెక్కలోకి తీసుకుంటున్నాయి. మొక్కజొన్న బ్యాగు సంగతీ ఇంతే. మొక్కజొన్న పిండి ఒక్కదానితో బ్యాగు నిలవదు, అందులో పీబీఏటీ వంటి ప్లాస్టిక్ పాలిమర్ కలుస్తుంది. అది ‘కంపోస్టబుల్ ప్లాస్టిక్’, ప్లాస్టిక్ లేనిది కాదు. అడ్డాకు విస్తరికి ‘ప్లాస్టిక్ ఫ్రీ’ వేయొచ్చా అంటే, కుట్టింది ఈనెపుల్లతోనా, ప్లాస్టిక్ దారంతోనా చూసుకోండి. ఈ మధ్య మెషిన్ విస్తర్లకు ఆకు వెనకాల అట్టో, పల్చటి ప్లాస్టిక్ పొరో అంటించి వత్తుతున్నారు, అలాంటివైతే వేయకూడదు. ఇంకో మెలిక ఉంది: విస్తరి ప్లాస్టిక్ లేనిదే కావచ్చు, దాన్ని చుట్టిన కవరు ప్లాస్టిక్‌దైతే ‘విస్తరిలో ప్లాస్టిక్ లేదు’ అని ఏ భాగమో చెప్పి రాయాలి. వాదన సరుకు మొత్తానికా, భాగానికా, ప్యాకింగ్‌కా, తయారీ విధానానికా, వాడాక పారేసే పద్ధతికా అన్నది విడిగా తెలియాలని మార్గదర్శకాలు అడుగుతాయి.

‘బయోడీగ్రేడబుల్’: ఎక్కువమంది ఇరుక్కునేది ఈ మాటతోనే. క్యారీ బ్యాగుల విషయంలో ఇక్కడ ఇంకో చట్టం కూడా దిగుతుంది, ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు, 2016. మామూలు ప్లాస్టిక్ క్యారీ బ్యాగు 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లకు తక్కువ ఉండకూడదు. కంపోస్టబుల్ బ్యాగుకు ఆ మందం నియమం వర్తించదు, అందుకే అందరూ ఆ పేరు తగిలించుకుంటారు. ఆ పేరు వాడాలంటే బ్యాగు ఐఎస్/ఐఎస్ఓ 17088 ప్రమాణానికి సరిపోవాలి, అమ్మకానికి ముందే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ తీసుకోవాలి, బ్యాగు మీద (2025 జూలై నుంచి బార్‌కోడ్ లేదా క్యూఆర్ కోడ్ ద్వారానైనా) తయారీదారు పేరు, సర్టిఫికెట్ నంబరు తెలియాలి. 2024 మార్చిలో వచ్చిన సవరణ ‘బయోడీగ్రేడబుల్ ప్లాస్టిక్’ నిర్వచనాన్ని బాగా బిగించింది: నేల, నీరు వంటి ఫలానా వాతావరణంలో మైక్రోప్లాస్టిక్ మిగల్చకుండా జీవక్రియ వల్ల కుళ్లిపోవాలి. కంపోస్టబుల్, బయోడీగ్రేడబుల్ రెండూ ఒకటి కావు. ఒకదాని సర్టిఫికెట్ పెట్టుకుని రెండోది అచ్చు వేయకూడదు.

17088 కింద ఏం పరీక్షిస్తారో తెలుసుకుంటే ఈ తేడా అర్థమవుతుంది. 12 వారాల కంపోస్టింగ్ తర్వాత 2 మిల్లీమీటర్ల జల్లెడ మీద 10 శాతానికి మించి ముక్కలు మిగలకూడదు. 180 రోజుల్లోపు 90 శాతం కర్బనం కార్బన్ డయాక్సైడ్‌గా మారాలి. బరువైన లోహాల పరిమితి, ఆ ఎరువులో మొక్క మొలుస్తుందా అన్న పరీక్ష కూడా ఉంటాయి. ఇదంతా సుమారు 58 డిగ్రీల వేడిలో, అంటే పరిశ్రమ స్థాయి కంపోస్ట్ ప్లాంటులో జరిగేది. మీ బ్యాగు వెళ్లేది మురికి కాలువలోకో, జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకో. అక్కడ ఆ వేడి, ఆ తేమ, ఆ గాలి ఉండవు. ‘మట్టిలో కలిసిపోతుంది’ అని తెలుగులో తియ్యగా రాసి, సర్టిఫికెట్ మాత్రం పారిశ్రామిక కంపోస్టింగ్‌ది పెట్టుకుంటే రుజువుకీ మాటకీ పొంతన ఉండదు. జనం మామూలుగా పారేసే పద్ధతిలో, తగినంత తక్కువ కాలంలో విడిపోతుందా అన్నదే ఆస్కీ నియమం కూడా అడుగుతుంది. కాబట్టి బ్యాగు మీద ‘పారిశ్రామిక కంపోస్టింగ్‌లో మాత్రమే కంపోస్ట్ అవుతుంది’ అని అదే అక్షరాల సైజులో వేయండి.

సర్టిఫికెట్ ఉన్నా తప్పు జరిగే చోట్లు ఇవి. సర్టిఫికెట్ బ్యాగు ముడిసరుకైన రెసిన్ గింజలు అమ్మినవాడి పేరు మీద ఉంటుంది, మీ పేరు మీద ఉండదు. ఒక గ్రేడ్ రెసిన్‌కి పరీక్ష చేయిస్తారు, ఆరు నెలలకు సప్లయర్ చవక గ్రేడ్ పంపుతాడు, లేబుల్ మాత్రం పాతదే నడుస్తుంది. పరీక్షించిన షీటు మందం ఒకటి, అమ్మేది దానికన్నా మందం. విడిపోయే కాలం మందాన్ని బట్టి మారుతుంది కాబట్టి పల్చటి నమూనా ఫలితం మందపాటి బ్యాగుకు చెల్లదు. ప్రింటింగ్ సిరా, హ్యాండిల్ టేపు పరీక్షలో లేవు. ల్యాబుకు ఎన్ఏబీఎల్ (ల్యాబులను పరిశీలించి గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉంటుంది గానీ ఈ ఫలానా పరీక్ష ఆ గుర్తింపు పరిధిలో ఉండదు. ప్లాస్టిక్ పరీక్షలు చేసే సిపెట్ వంటి ప్రభుత్వ సంస్థకు నమూనా పంపే ముందు ఆ పరిధి పత్రం అడిగి చూడండి. ఆరు నెలలు పట్టే పరీక్షకు రెండు వారాల్లో రిపోర్టు ఇస్తామన్నవాళ్లకు డబ్బు కట్టకండి.

ఆకు విస్తర్లు ప్లాస్టిక్ కావు కాబట్టి వాటికి కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ అక్కర్లేదు. ‘బయోడీగ్రేడబుల్’ అని వేస్తే మాత్రం గ్రీన్‌వాషింగ్ మార్గదర్శకాల ప్రకారం రుజువు చూపాల్సిందే.

వక్క ఆకు ప్లేట్ల మీద ‘నేచురల్, నాన్ టాక్సిక్’ అని వేసే అలవాటు ఒకటుంది, దాన్ని వెంటనే ఆపండి. 2025లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వక్క ఆకు పళ్లేల దిగుమతుల మీద అలర్ట్ పెట్టింది. వక్కలో సహజంగా ఉండే ఆల్కలాయిడ్లు అనే రసాయనాలు ఆహారంలోకి దిగుతాయన్నదే వాళ్ల అభ్యంతరం. సహజమైనదల్లా హాని లేనిది అన్న లెక్క అక్కడ చెల్లలేదు. ఆహారానికి తగిలే పళ్లెం కాబట్టి, ఆల్కలాయిడ్లు ఆహారంలోకి ఎంత దిగుతాయో చూసే మైగ్రేషన్ పరీక్ష లేకుండా ‘నాన్ టాక్సిక్’ అన్న మాట నిలవడం కష్టం.

‘కార్బన్ న్యూట్రల్’: దీన్ని పూర్తిగా కొట్టేయండి. ఈ మాట వేయాలంటే ముందు ఒక్కో ప్లేటుకు ఎంత ఉద్గారమో ఐఎస్ఓ 14067 పద్ధతిలో లెక్క తీయాలి, ఏ దశ నుంచి ఏ దశ దాకా లెక్కించారో చెప్పాలి, ఏ సంవత్సరం డేటానో చెప్పాలి, మూడో పక్షంతో సరిచూయించాలి. తగ్గించినది ఎంత, బయట కార్బన్ క్రెడిట్లు (వేరేవాళ్లు తగ్గించిన ఉద్గారాల లెక్క) కొని సరిపెట్టినది ఎంత అన్నది విడివిడిగా చూపాలి. ఆ క్రెడిట్ల తగ్గింపు రెండేళ్లు లేదా అంతకన్నా తర్వాత జరగబోయేదైతే ఆ సంగతి ప్రకటనలోనే చెప్పాలని ఆస్కీ నియమం. చట్టప్రకారం ఎలాగూ చేయాల్సిన తగ్గింపును క్రెడిట్‌గా చూపడం కూడా కుదరదు. వంద మొక్కలు నాటి న్యూట్రల్ అయిపోయాం అనడం వీటిలో దేనికీ ఆనదు. సోలార్ ప్యానెళ్లు పెట్టుకున్నారా? ‘2024–25లో మా యూనిట్ వాడిన కరెంటులో ఇంత శాతం సోలార్’ అని మీటర్ రీడింగ్ ఆధారంగా రాయండి. రేపటి మాటలు, అంటే ‘2030 కల్లా నెట్ జీరో’ లాంటివి వేయాలంటే ఎలా చేరతారో స్పష్టమైన, ఆచరణకు వచ్చే ప్రణాళిక ముందే తయారై ఉండాలి.

అడగలేదు గానీ, అడ్డాకుకి ‘ఆర్గానిక్’ అని తగిలించే ఆలోచన ఉంటే దాన్నీ మానుకోండి. అడవి నుంచి ఏరుకొచ్చిన ఆకుకు ఆ మాట ఏమీ చేర్చదు, రుజువు మాత్రం అడుగుతుంది. ప్లేట్లతో పాటు బియ్యం, బెల్లం అమ్మేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. ఆహారం మీద ‘ఆర్గానిక్’ అనాలంటే 2017 నాటి ఎఫ్ఎస్ఎస్ఏఐ (దేశ ఆహార భద్రతా సంస్థ) ఆర్గానిక్ ఆహార నిబంధనలున్నాయి, ఎన్‌పీఓపీ లేదా పీజీఎస్-ఇండియా (రెండూ ప్రభుత్వ ఆర్గానిక్ ధ్రువీకరణ పథకాలు) సర్టిఫికెట్ కావాలి. ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకాలతో నేరుగా వినియోగదారుకే అమ్మే చిన్న రైతుకు సర్టిఫికెట్ మినహాయింపు ఉంది గానీ జైవిక్ భారత్ అనే ఆర్గానిక్ ఆహార గుర్తు వాడుకోకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ నడిపే ప్రకృతి వ్యవసాయంలో పండించిన పంటను ‘ప్రకృతి వ్యవసాయంలో పండించినది’ అని చెప్పడం వేరు, సర్టిఫికెట్ లేకుండా దాని మీద ‘సర్టిఫైడ్ ఆర్గానిక్’ అని వేయడం వేరు.

క్యూఆర్ కోడ్ గురించి రెండు మాటలు. ప్యాకెట్ మీద చోటు చాలదని తెలిసే, ముఖ్యమైన వివరాలు క్యూఆర్ ద్వారా ఇవ్వొచ్చని మార్గదర్శకాలు ఒప్పుకున్నాయి. చాలామంది ఆ కోడ్‌ని కంపెనీ హోమ్ పేజీకి కలుపుతారు. అక్కడ సర్టిఫికెట్ కోసం వెతుక్కోవాలి, కొన్నాళ్లకు డొమైన్ రెన్యువల్ మర్చిపోతారు, కోడ్ ఎక్కడికీ వెళ్లదు. కోడ్ నేరుగా ఆ సరుకు పేజీకే వెళ్లాలి, అక్కడ పరీక్ష రిపోర్టు, ఏ బ్యాచ్‌లకు వర్తిస్తుందో ఉండాలి. రిపోర్టులో నచ్చిన అంకె ఒక్కటి కోసి పెట్టడం కూడా తప్పే, అనుకూలమైన డేటాను ఏరుకుని చూపకూడదని విడిగా రాశారు. ఇంకోటి, 2022 జూన్ నాటి ప్రకటనల మార్గదర్శకాల ప్రకారం డిస్‌క్లెయిమర్ వాదన ఉన్న భాషలోనే, అదే ఫాంటులో ఉండాలి. తెలుగులో పెద్దగా ‘భూమికి మేలు’ అని వేసి, కింద చీమ తలకాయంత ఇంగ్లిష్‌లో షరతులు పెడితే ఆ షరతులు లేనట్టే. అసలు వాదన అబద్ధమైతే ఏ డిస్‌క్లెయిమరూ దాన్ని బాగుచేయదు.

ఆఫీసులో పెట్టుకోవాల్సిన ఫైలు పెద్దదేమీ కాదు, ఒక ఎక్సెల్ షీటు చాలు. ప్రతి వాదనకు ఒక వరస: అచ్చయిన మాట ఉన్నదున్నట్టు, ఎక్కడెక్కడ వాడారు, సరుకులో ఏ భాగానికి, రుజువు ఏ పత్రం, ఆ పత్రం తేదీ, గడువు, ఏ రెసిన్ గ్రేడ్ లేదా ఏ సప్లయర్ సరుకుకు వర్తిస్తుంది, ఎవరు ఆమోదించారు. ముడిసరుకు సప్లయర్ మారిన రోజే కొనుగోలు విభాగం ఈ షీటు తెరిచి చూడాలన్న నియమం పెట్టుకోండి. ఇది మానేస్తే మిగతాదంతా వృథా. ఏజెన్సీకి, ఇన్‌ఫ్లుయెన్సర్‌కి ఇచ్చే బ్రీఫ్‌లో కూడా ఆమోదం పొందిన వాక్యాలే ఇచ్చి, సొంతంగా ‘జీరో వేస్ట్’ లాంటివి కలపొద్దని రాతలో పెట్టండి. ఐటీ కంపెనీల క్యాంటీన్లకు అమ్ముతుంటే వాళ్లు డిక్లరేషన్ ఫారాలు పంపుతారు. పెద్ద లిస్టెడ్ కంపెనీలు స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ అడిగే, పర్యావరణ, సామాజిక బాధ్యతలను చూపే బీఆర్‌ఎస్‌ఆర్ నివేదిక ఇవ్వాలి కాబట్టి మీరు సంతకం పెట్టిన అంకె వాళ్ల నివేదికలోకి ఎక్కొచ్చు. ఆ ఫారాలకూ ఇదే షీటు వాడండి.

వేస్తే ఏమవుతుంది అన్నదానికి జవాబు: గ్రీన్‌వాషింగ్ మార్గదర్శకాల్లో విడిగా శిక్ష లేదు, చట్టంలోనిదే. ఫిర్యాదు వచ్చినా, సీసీపీఏ తనంతట తాను చూసినా, 19వ సెక్షన్ కింద ప్రాథమిక విచారణ, తర్వాత డైరెక్టర్ జనరల్ లేదా జిల్లా కలెక్టర్ దర్యాప్తు జరుగుతాయి. వాదన తప్పని తేలితే 21వ సెక్షన్ కింద ప్రకటన ఆపమని లేదా మార్చమని ఆదేశం ఇస్తారు. తయారీదారుకు గానీ, ఎండార్స్ చేసినవారికి (సరుకు మంచిదని ప్రచారం చేసినవారికి) గానీ 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. ఎండార్సర్‌ని ఏడాది పాటు, మళ్లీ చేస్తే మూడేళ్ల దాకా ప్రకటనల నుంచి నిషేధించొచ్చు, అయితే తగినంత పరిశీలన చేశాకే ఒప్పుకున్నానని చూపగలిగితే అతనికి ఊరట ఉంది. జరిమానా ఎంతన్నది ప్రకటన ఎంతమందికి చేరింది, ఎన్నాళ్లు నడిచింది, ఆ అమ్మకాల రాబడి ఎంత అన్నవి చూసి నిర్ణయిస్తారు. మీకు వాదన వినిపించే అవకాశం ఇస్తారు. ఆదేశం అందిన 30 రోజుల్లో జాతీయ వినియోగదారుల కమిషన్‌కు అప్పీలు వెళ్లొచ్చు. వీటికి పైన 89వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు, 10 లక్షల దాకా జరిమానా ఉన్నాయి గానీ సీసీపీఏ స్వయంగా ఫిర్యాదు చేస్తేనే కోర్టు దాన్ని తీసుకుంటుంది.

నోటీసు వస్తే మొదటి పని ఆ లేబుల్ రోల్స్ ప్రెస్సులో ఆపించడం, రెండోది ఆ బ్యాచ్ నమూనాలు, రిపోర్టులు, బిల్లులు తీసి పక్కన పెట్టడం. జవాబులో కొత్తగా చేయించిన పరీక్ష పెట్టడం తప్పు కాదు గానీ దాని తేదీ ప్రకటన తేదీ తర్వాతిదని వాళ్లు చూస్తారు. పాత రుజువు లేకపోతే లేదని ఒప్పుకుని మాట వెనక్కి తీసుకున్నట్టు చూపించడమే మంచిది. వెనక తేదీ వేసిన లెటర్‌హెడ్ సర్టిఫికెట్ పెట్టారంటే లేబుల్ గొడవ కాస్తా ఫోర్జరీ కేసుగా మారుతుంది.

ఎగుమతి ఆలోచన ఉంటే లేబుల్ విడిగా చేయించుకోండి. ఐరోపా సమాఖ్యలో 2024/825 డైరెక్టివ్ 2026 సెప్టెంబరు 27 నుంచి వర్తిస్తుంది. క్రెడిట్లు కొని సరుకును ‘కార్బన్ న్యూట్రల్’ అనడం అక్కడ ఏకంగా నిషేధం, ‘ఎకో ఫ్రెండ్లీ’ లాంటి సాధారణ మాటకు గుర్తింపు పొందిన ప్రమాణం ఉండాల్సిందే. బ్రిటన్‌లో 2025 ఏప్రిల్ నుంచి పోటీ, మార్కెట్ల సంస్థ కోర్టుకు వెళ్లకుండానే ప్రపంచ టర్నోవరులో 10 శాతం దాకా జరిమానా వేయగలదు. అమెరికాలో 2022లో వాల్‌మార్ట్, కోల్స్ కంపెనీలు వెదురు బట్ట అని అమ్మింది నిజానికి రేయాన్ అని తేలి, రెండూ కలిపి 55 లక్షల డాలర్లు కట్టేందుకు ఒప్పుకున్నాయి. వెదురును రసాయనాల్లో కరిగించి తీసిన దారం రేయానే అన్నది అక్కడి వాణిజ్య కమిషన్ మాట. మీరు రేపు వెదురు నాప్కిన్లు పెట్టాలనుకుంటే ఇది గుర్తుంచుకోండి.

ఇక పోటీ కంపెనీ సంగతి. వాళ్లను ఎవరూ అడగలేదు అన్నది మీకు రక్షణ కాదు. ఫిర్యాదు చేయొచ్చు, 17వ సెక్షన్ కింద జిల్లా కలెక్టర్‌కు గానీ సీసీపీఏకు గానీ రాతలో లేదా ఆన్‌లైన్‌లో పంపొచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ద్వారా కూడా నమోదవుతుంది. వాళ్ల సరుకు కొన్న వినియోగదారుడైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు కూడా వెళ్లొచ్చు. సీసీపీఏ కొన్నవాళ్లకు పరిహారం ఇప్పించే చోటు కాదు, పరిహారం, సరిదిద్దే ప్రకటన అడగాల్సింది కమిషన్‌లోనే. సరుకు ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, ఉంటున్న ఊళ్లోనే దాఖలు చేయొచ్చు, రెండేళ్ల గడువు. మీరు పోటీదారుగా ఆ కమిషన్‌లో వినియోగదారుడి హోదా చెప్పుకోలేరు, కాబట్టి మీ దారి సీసీపీఏ లేదా ఆస్కీ. ఆస్కీ ప్రభుత్వ సంస్థ కాదు, అయినా టీవీ ప్రకటన ఆస్కీ కోడ్‌ను మీరితే ప్రసారం చేయకూడదని కేబుల్ టీవీ నిబంధనల్లో ఉంది, అందుకే దాని మాటకు బరువుంది. కంపెనీలు పోటీ కంపెనీ మీద ఇచ్చే ఫిర్యాదుకు అక్కడ ఫీజు ఉంటుంది.

ఫిర్యాదుకు కావాల్సినవి: మీరే కొన్న ప్యాకెట్, బిల్లు, ప్యాకెట్ ఆరు వైపులా ఫొటోలు, బ్యాచ్ నంబరు, వెబ్‌సైట్ స్క్రీన్‌షాట్ తేదీ కనిపించేలా. బ్యాగైతే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ నంబరు ఉందా, ఉంటే మండలి వెబ్‌సైట్‌లోని జాబితాలో ఆ పేరు మీదే ఉందా చూసి ఆ ప్రింటవుట్ జత చేయండి. నంబరు గానీ, దాన్ని చూపే కోడ్ గానీ లేకపోతే ఆ ఒక్క ఫొటో చాలు, అదే ఫొటోతో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికీ, మున్సిపాలిటీకీ ప్లాస్టిక్ నిబంధనల కింద వేరే ఫిర్యాదు ఇవ్వొచ్చు. ‘మోసగాళ్లు’ లాంటి మాటలు రాయకండి, ఏ మాట, దానికి ఏ రుజువు కనిపించలేదు అన్నంతవరకే రాయండి. మీ సొంత ప్రకటనలో వాళ్ల పేరెత్తి ‘వాళ్లది నకిలీ, మాదే అసలు’ అని వేశారంటే వాళ్లే మీ మీద సివిల్ కోర్టుకు వెళ్తారు. ఫిర్యాదు పంపే ముందు మీ పాత ప్యాకింగ్ స్టాక్ ఒకసారి చూసుకోండి. గోడౌన్‌లో అవే మాటలున్న కవర్లు మిగిలి ఉంటే వాటి మీద స్టిక్కర్ వేసి మాట కప్పేయండి, సగం కనిపించేలా కాదు, పూర్తిగా. ఏ తేదీన ఎన్ని కప్పారో రిజిస్టర్‌లో రాసి పెట్టండి.